గాజులో దేవుడు, గాజులో బుద్ధుడు



ధమ్మదీక్ష తీసుకున్న ఇళ్ళకు పోయినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. అది పంచశీల మీద కాదు, నిబ్బానం మీద కాదు. వందన అయిపోయి, టీ గ్లాసులు చేతికి వచ్చినాక ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు: "ఇంట్లో పాత దేవుడి పటాలు ఉండాయి. వాటిని ఏం చేయాల?"

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ దాని వెనక అత్త ఉంటుంది, తల్లి ఉంటుంది, పొరుగింటివాళ్ళు ఉంటారు, చిన్నప్పుడు జ్వరం వస్తే కట్టిన ముడుపు ఉంటుంది. అందుకే గొంతు తగ్గుతుంది. అది తేల్చకుండా పుస్తకాలు ఎన్ని పంచినా మనసు ఆ గూడు దగ్గరే తచ్చాడుతుంది.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఈ ప్రశ్న ఇంకొంచెం బరువు. ఆటో అద్దం మీద, టీ కొట్టు గోడ మీద, క్యాలెండరు మీద, బీరువా తలుపు మీద, ఎక్కడ చూసినా ఒకే మొహం. ఏ ఊరి నుంచి చుట్టాలు వచ్చినా కొండకు పోయి, దిగొచ్చేటప్పుడు ఒక లడ్డు, ఒక పటం మన చేతిలో పెట్టి పోతారు. ఇప్పుడు పటం బదులు గాజు దిమ్మ ఇస్తా ఉన్నారు. చిన్న సబ్బుబిళ్ళంత గాజు, దాని లోపల వేంకటేశ్వరుడు, కింద రంగురంగుల లైటు పెట్టె. స్విచ్ వేస్తే నీలం, ఎరుపు, పచ్చ. మనం దీక్ష తీసుకున్నామని తెలిసిన చుట్టాలు కూడా తెస్తారు. "షోకేసులో పెట్టుకోండి, ఏమవుతుంది" అంటారు. ఏమవుతుందో చూద్దాం.

ఆ దిమ్మ ఎట్ల తయారవుతుందో ఎవరూ అడగరు. షాపులో దాన్ని క్రిస్టల్ అంటారు గానీ, అది గాజే. లోపల బొమ్మ పెట్టి పోత పోసింది కూడా కాదు. లేజర్ కిరణాన్ని గాజు లోపల ఒక్క బిందువు మీద పడేటట్లు చేస్తారు. పైన గాజుకు ఏమీ కాదు, లోపల ఆ బిందువు దగ్గర మాత్రం సన్నగా చిట్లుతుంది. కంప్యూటరు చెప్పిన లెక్క ప్రకారం అట్లాంటి చిట్లిన చుక్కలను వేల సంఖ్యలో వరసగా చేసుకుంటూ పోతారు. వెలుతురు పడితే ఆ చుక్కలు తెల్లగా మెరుస్తాయి. కిరీటం, నామం, శంఖం, చక్రం, అన్నీ పగుళ్ళే. గాజులోకి ఏదీ పోలేదు, ఏదీ చేర్చలేదు. అదే యంత్రం తాజ్‌మహల్‌ను చేస్తుంది, పెళ్ళి జంట ఫోటోను చేస్తుంది, ఆర్డరు ఇస్తే బుద్ధుణ్ణి చేస్తుంది, బాబాసాహెబ్‌ను కూడా చేస్తుంది.

గాజు మధ్యలో దేవుణ్ణి పెట్టడం లేజర్‌తో మొదలు కాలేదు. ఐరోపాలో రెండొందల ఏళ్ళ కిందటే చేసినారు. పింగాణీ లాంటి తెల్లమట్టితో చిన్న బొమ్మ చేసి, కాల్చి, కరిగిన గాజు మధ్యలో దాన్ని ఇమిడ్చేవాళ్ళు. ఇంగ్లండులో ఆప్స్లే పెల్లాట్ అనే గాజు వ్యాపారి 1819లో ఈ పనికి పేటెంటు తీసుకున్నాడు. ఫ్రాన్సులోని కర్మాగారాలు కాగితాల మీద బరువుకు పెట్టుకునే గాజు గుండ్లలో ఇట్లాంటి బొమ్మలు చేసినాయి. మేరీమాత, సెయింట్లు, వాళ్ళ పక్కనే నెపోలియన్. పాత వస్తువులు సేకరించేవాళ్ళు వాటిని సల్ఫైడ్లు అంటారు, ఈనాటికీ వెదికి కొంటారు. ఆ బొమ్మలు వెండితో చేసినట్లు మెరుస్తాయి. వెండి ఏమీ లేదు. మట్టికీ గాజుకూ మధ్య చిక్కుకున్న పలచని గాలి పొర మీద వెలుతురు పడి అట్ల కనిపిస్తుంది.

మన వైపు పాత గాజు అంటే గాజు పటం. 18వ శతాబ్దంలో చైనా వర్తకంతో ఈ విద్య మన దేశానికి వచ్చింది. తంజావూరు, మైసూరు ప్రాంతాల చిత్రకారులు దాన్ని పట్టుకున్నారు. మన చిత్తూరు జిల్లా తమిళ సీమకు ఆనుకొని ఉండేది కాబట్టి ఆ పటాలు ఇక్కడి పెద్దిళ్ళలోకీ వచ్చినాయి. వీటిని గీసే పద్ధతి తలకిందులు. మామూలు చిత్రంలో ముందు వెనకటి రంగు పూసి, చివరగా కళ్ళు, నగలు దిద్దుతారు. గాజు పటంలో ముందు కనుపాప, మీసం, ముత్యం. తర్వాత మొహం. తర్వాత బట్ట. అన్నిటికన్నా చివర వెనకటి రంగు. గాజు వెనక వైపు గీసి ముందు వైపు నుంచి చూస్తారు గనక కుడి ఎడమ కూడా తారుమారు. తప్పు పడితే దిద్దడం కష్టం. కొన్నిచోట్ల రంగు వేయకుండా వదిలి, వెనక తళుకు కాగితం పెడతారు. ముందు నుంచి చూసేవాళ్ళకు అది బంగారం.

లేజర్ దిమ్మలో పగులు, ఐరోపా గుండులో గాలి, మన గాజు పటంలో తళుకు కాగితం. ఇవి తెలిస్తే ఆ పని చేసినవాళ్ళ మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. చేతిపనిని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. మన తాతలు చెప్పులు కుట్టినోళ్ళు, నేత నేసినోళ్ళు, డప్పు బిగించినోళ్ళు. నేను చెప్పేది వేరే. గాజు ఒక పని చేస్తుంది. లోపల ఉండేదాన్ని దుమ్ము పట్టనీదు, చెయ్యి తగలనీదు, వయసు కనపడనీదు. కళ్ళ ముందే ఉంటుంది గానీ ముట్టుకోలేము. చూడొచ్చు, అంటకూడదు. ఈ మాట మన జాతికి కొత్త కాదు కదా! దూరం నుంచి దండం పెట్టి పో అనే మాట తరతరాలు విన్నవాళ్ళం.

ఇక్కడ కొంచెం చరిత్ర చూడాల. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టినాక దేవుడి బొమ్మలు రంగుల కాగితాల మీద అచ్చయి చవకగా వచ్చినాయి. గాజు పటం కొనలేని ఇంటికి కాగితం పటం వచ్చింది, దానికి ఒక అద్దం, ఒక చట్రం. గుడిలోకి రానీయని మనిషి ఇంట్లోకి గుడిలోని దేవుడు అట్ల వచ్చినాడు. మద్రాసు రాష్ట్రంలో దేవాలయ ప్రవేశ చట్టం పూర్తిస్థాయిలో 1947లో గానీ రాలేదు. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు కిందే. అంటే మన అవ్వతాతలు చాలామంది దేవుణ్ణి ముందు అద్దం వెనకే చూసినారు, ఆ తర్వాతే గుడిలో. అద్దం వెనక దేవుడు వాళ్ళకు దగ్గరైనాడని కొందరు రాస్తారు. అది అబద్ధం కాదు. కానీ గడప దాటనీయని వ్యవస్థ గోడ మీద పటానికి మాత్రం అడ్డం చెప్పలేదంటే, ఆ పటంతో దానికి ఏ నష్టమూ లేదనే కదా అర్థం?

కార్వేటినగరం దగ్గర ఒక పల్లెలో ఉండే అవ్వ సంగతి చెబుతాను. ఆమె ఇంట్లో ఒక గాజు పటం ఉంది. వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు. అట్లాంటి పటాల్లో కృష్ణుణ్ణి తెల్లగా గీస్తారు. నల్లనయ్య అని పాడుకునే దేశంలో నల్ల రంగు మీద ఇంత మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు, సరే. ఆ పటం ఒక పెద్దింటిది. అవ్వ, ఆమె పెనిమిటి ఆ ఇంటి పొలంలో కూలికి పోయేవాళ్ళు. ఆ ఇంటి నడవ దాకా కూడా వీళ్ళకు రాకపోక లేదు. ఒకనాడు పటం మేకు ఊడి పడింది, అద్దం ఒక మూల నుంచి అడ్డంగా పగిలింది. పగిలిన దేవుడి పటం ఇంట్లో ఉంచుకోకూడదని మనవైపు గట్టి నమ్మకం. చెట్టు కింద పెట్టి రావాలంటారు. ఆ పనికి అవ్వను పిలిచినారు. అవ్వ దాన్ని గోనెసంచిలో చుట్టుకొని బయలుదేరింది. చెట్టు దగ్గరకు పోలేదు, ఇంటికి తెచ్చుకునింది.

"నిండుగా ఉన్నన్నాళ్ళూ నేను ముట్టుకుంటే మైల పడతాడన్నారు. పగిలినాక నన్నే పిలిచి ఎత్తుకపొమ్మన్నారు. నా చేతికి వచ్చింది నాయనా, నేనెందుకు ఇడిసిపెడతా?" అనింది అవ్వ.

నలభై ఏళ్ళకు పైగా ఆ పటం ఆ ఇంట్లో ఉంది. కొడుకు, కోడలు, మనవరాలు దీక్ష తీసుకున్నారు. అవ్వ కూడా కూర్చునింది, ప్రతిజ్ఞలు పలికింది. పటం మాత్రం గూట్లోనే ఉంది. ఆ తర్వాత పాత సామాన్లు కొనే బేరగాడు ఒకాయన వచ్చి, చూసి, రేటు చెప్పినాడు. ఆ ఇంట్లో తగువు మొదలైంది.

కొడుకు పగలగొడదామన్నాడు. ఇరవైరెండు ప్రతిజ్ఞల్లో రెండోది రాముణ్ణి, కృష్ణుణ్ణి దేవుళ్ళుగా ఒప్పుకోను, పూజించను అనే కదా, మరి వాడు గూట్లో ఎందుకు? పగలగొట్టి, ఫోన్లో తీసి నలుగురికీ పంపుదామన్నాడు. కోడలు అమ్ముదామనింది. పాపకు నర్సింగు ఫీజు కట్టాల. అవ్వ ఏమీ అనలేదు. "ఉంటే ఉండనీ" అనింది, అంతే.

ముగ్గురి మాటా చులకన చేయదగింది కాదు.

కొడుకు మాట తీసుకుందాం. అతని కోపం నాకు తెలుసు, అది ఊరికే వచ్చిన కోపం కాదు. కానీ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో పలికించిన ఆ ప్రతిజ్ఞలను ఒకసారి నెమ్మదిగా చదవండి. అన్నీ "నేను" అనే మొదలవుతాయి. నేను నమ్మను, నేను పూజించను, నేను నడుచుకుంటాను. బొమ్మను పగలగొడతాను అని ఒక్కచోట కూడా లేదు. ప్రతిజ్ఞ పని చేయాల్సింది గాజు మీద కాదు, పలికిన మనిషి మీద. పదమూడో ప్రతిజ్ఞ సకల ప్రాణుల మీద కరుణ గురించి. పొరుగింటి భక్తురాలు కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఆమె చూసి బాధపడాలనే పటాన్ని పగలగొట్టి వీడియో తీస్తే అక్కడ ప్రజ్ఞ ఏముంది? ఇంకొకటి కూడా అడిగినాను అతన్ని. నువ్వు పగలగొట్టాలనుకునేది బొమ్మనా, ఆ పెద్దింటినా? అతను జవాబు చెప్పలేదు. రాయిలో, గాజులో ఏమీ లేదని నిజంగా తెలిసినవాడికి దాన్ని పగలగొట్టాలన్నంత పట్టుదల ఉండదు. భయపడి దండం పెట్టేవాడు, కసితో సుత్తి ఎత్తేవాడు, ఇద్దరూ ఆ గాజులో ఎవరో ఉన్నారనే అనుకుంటున్నారు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని దాచకూడదు. "మీరు చదువుకున్నోళ్ళు, ఇట్ల మాట్లాడతారు. మా ఇంట్లో అది గోడమీద ఉన్నంత కాలం మా అమ్మ చెయ్యి అదే పైకి లేస్తుంది. తీసి పారేస్తే గానీ మార్పు రాదు" అని ఒక యువకుడు మీటింగులో లేచి అడిగినాడు. అతని మాటలో బలముంది. అలవాటు కళ్ళ నుంచి మొదలవుతుంది. అందుకే నేను చెప్పేది, ముందు చోటు మార్చండి. గూడు నుంచి తీయండి. దానికి పెట్టే దీపం, కుంకుమ, వారం పూట నీళ్ళు ఆపండి. చాట, జల్లెడ తగిలించే గోడకు తగిలించండి, లేదంటే అటక మీద పెట్టండి. పెట్టేటప్పుడు మీ చేతిని మీరే గమనించండి. చెయ్యి వణికితే, "ఏమన్నా అవుతుందేమో" అని కడుపులో మెలిపెడితే, ఆ భయంతో కొన్నాళ్ళు కూర్చోవాల. సతిపట్ఠానం అంటే కళ్ళు మూసుకొని ఊపిరి లెక్కపెట్టడం ఒకటే కాదు. భయం వచ్చింది, భయం ఉంది, భయం పోయింది అని చూసుకోవడం కూడా అదే. సుత్తితో ఒక్క దెబ్బకు పటం పోతుంది, భయం పోదు. ఆ తర్వాత ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే "ఆ పటం పగలగొట్టినందుకే" అనే మాట ఎవరి నోట్లో నుంచి వస్తుందో చెప్పలేం.

కోడలి మాటకు వస్తాను. అమ్మడం తప్పా? బుద్ధుడు ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదు చెప్పినాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. పాత బొమ్మ అందులో లేదు. పేదింట్లో పిల్ల ఫీజు కన్నా గోడ మీద గాజు ముఖ్యం అని నేను చెప్పలేను, చెప్పకూడదు. కానీ అబద్ధమాడకూడదనే శీలం అమ్మకంలో కూడా మన వెంట వస్తుంది. దీనికి మహిమ ఉంది, దీన్ని పెట్టుకున్నాక మాకు కలిసొచ్చింది అని చెప్పి అమ్మితే, మనం వదిలిన మూఢనమ్మకాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి డబ్బు తీసుకున్నట్లే. చట్టం కూడా తెలుసుకోవాల. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాల. ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. బేరగాళ్ళు ఈ ముక్క చెప్పరు. మన దగ్గర కొన్న పటాలు కారైకుడి పాత సామాన్ల అంగళ్ళ లాంటి చోట్ల తేలతాయి, అక్కడి నుంచి హోటళ్ళ గోడల మీదికి, సేకరించేవాళ్ళ హాళ్ళలోకి పోతాయి. మనకు చేతికొచ్చేదానికీ, అక్కడ పలికేదానికీ పొంతన ఉండదు.

ఆ బేరగాడు అవ్వ ఇంట్లో ఇంకో మాట అన్నాడంట. "ఈ పగులు నేను సరిచేయించుకుంటా. పెద్దింటి పటం అని చెబితే మంచి ధర పలుకుతుంది." పెద్దింటి పేరు కావాల, మాలపల్లె గూడు అక్కర్లేదు. నలభై ఏళ్ళు దాన్ని తుడిచిన చెయ్యి అక్కర్లేదు. పగులు పూడిస్తే అవ్వ కూడా ఆ పటంలో నుంచి పోతుంది. నన్ను అడిగితే ఆ పటంలో చూడదగింది ఆ పగులే. తెల్ల కృష్ణుడు వెయ్యి ఇళ్ళలో ఉన్నాడు. ఆ పగులు ఒక్కటే, ఈ జిల్లాలో అంటరానితనం ఎట్ల నడిచిందో చెప్పే కాగితం లాంటిది.

ఇంతవరకూ వాళ్ళ దేవుడి సంగతి. ఇప్పుడు మన షోకేసు తలుపు తీద్దాం.

మన సన్మానాలకు, పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు ఇప్పుడు ఏం ఇస్తున్నాం? గాజు దిమ్మలో బుద్ధుడు, కింద లైటు. గాజు దిమ్మలో బాబాసాహెబ్, చేతిలో రాజ్యాంగం, కింద లైటు. ఇంకా పెద్ద పొట్టతో నవ్వే చైనా బొమ్మ కూడా వస్తుంది. అది గోతమ బుద్ధుడు కాదు, చైనాలో పుతాయ్ అనే ఒక భిక్షువు రూపం. దాని పొట్ట నిమిరితే డబ్బు వస్తుందంటారు. అది కూడా దీక్ష ఇళ్ళలో చూసినాను. పాత గూట్లో నుంచి వేంకటేశ్వరుణ్ణి తీసి అదే గూట్లో బుద్ధుణ్ణి పెట్టి, అదే అగరొత్తి వెలిగించి, అదే కోరిక కోరితే మారింది గాజు లోపలి పగుళ్ళ వరస ఒకటే. పరీక్ష పాసు చేయించు స్వామీ అని బుద్ధుడికి మొక్కే పిల్లవాడికి ధమ్మం ఎవరు చెప్పాల?

విగ్రహమే తప్పు అని నేను అనడం లేదు. బాబాసాహెబ్ అట్ల అనలేదు. 1954 డిసెంబరు 25న పూణే దగ్గర దేహూరోడ్డులో, రంగూన్ నుంచి తెప్పించిన బుద్ధ విగ్రహాన్ని ఆయనే తన చేతులతో ప్రతిష్ఠించినాడు. అదే మనిషి 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, మతంలో భక్తి ఎట్లున్నా రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి దారి అని హెచ్చరించినాడు. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకొని చదవాల. విగ్రహం పెట్టినాడు, కానీ మోకరిల్లే అలవాటును పెట్టలేదు. మన అమరావతి స్తూపం మీద శిల్పులు చాలా చోట్ల బుద్ధుణ్ణి చెక్కలేదు. ఖాళీ ఆసనం చెక్కినారు, పాదాల గుర్తులు, చెట్టు, చక్రం చెక్కినారు. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు, మధ్యలో మనిషి ఉండడు. తర్వాత కాలంలో అదే స్తూపం మీద మనిషి రూపం కూడా వచ్చింది. రెండూ మనవే. కానీ ఖాళీ ఆసనాన్ని చూసినప్పుడు కోరిక కోరడానికి నోరు రాదు. అది నాకు నచ్చుతుంది.

వక్కలి అనే భిక్షువు కథ చాలామందికి తెలిసే ఉంటుంది. జబ్బుపడి మంచాన ఉండి, బుద్ధుణ్ణి కళ్ళారా చూడలేదని దిగులు పడినాడు. బుద్ధుడు వచ్చి, పాడైపోయే ఈ శరీరాన్ని చూస్తే ఏముంది, ధమ్మాన్ని చూసినవాడే నన్ను చూసినవాడు అనే అర్థంలో చెప్పినాడు. ఎదురుగా నిలబడిన సజీవ శరీరం గురించే ఆ మాట. మరి గాజు లోపల లేజర్ పగుళ్ళ గురించి ఏమనేవాడు? మనం వందనలో పూలు పెట్టేటప్పుడు పలికే గాథ కూడా అదే చెబుతుంది. ఈ పువ్వు వాడినట్లే నా శరీరమూ వాడిపోతుంది అని దాని భావం. పాళీలో గబగబా చదివి ముగిస్తాం గనక ఇది ఎవరికీ చేరదు. తెలుగులో ఒక్కసారి అర్థం చెప్పండి, మీ పిల్లలు వింటారు. అందుకే వందనకు వాడిపోయే పువ్వే సరైనది. ప్లాస్టిక్ పువ్వు, వాడని గాజు, ఆరని లైటు, ఈ మూడూ ఆ గాథకు ఎదురు నిలబడతాయి.

"మీ బౌద్ధులు కూడా ఎముకలను స్ఫటికంలో పెట్టి పూజించలేదా?" అని ఎవరైనా అడిగితే తడబడవద్దు. అవును, పెట్టినారు. మన తెలుగు నేల మీదే, బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో రాతి భరిణెలు బయటపడినాయి. వాటిలో స్ఫటికపు భరిణె, ధాతువులు, బంగారు పూలు ఉన్నాయి. స్ఫటికం గాజు కాదు, నేలలో పుట్టే రాయి, దాన్ని అంత నున్నగా తొలవడం చాలా కష్టం. భరిణెల మీద ఉన్న శాసనాల్లో రాజు పేరుతో పాటు మామూలు మనుషుల పేర్లు, వాళ్ళ సమితి ప్రస్తావన ఉన్నాయి. ఒక దేవుడి మహిమ కాదు అక్కడ రాసింది, కలిసి దానం చేసిన మనుషుల పేర్లు. 1898లో నేపాల్ సరిహద్దు దగ్గర పిప్రహ్వాలో కూడా, చేప ఆకారపు పిడి ఉన్న స్ఫటిక భరిణె దొరికింది. దాంతో పాటు దొరికిన రత్నాలు కొన్ని తవ్వించిన తెల్లదొర వారసుల దగ్గర ఉండిపోయి, 2025 మేలో హాంకాంగులో వేలానికి వచ్చినాయి. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో వేలం ఆగింది, జులైలో అవి దేశానికి తిరిగొచ్చినాయి. మంచిదే. కానీ ధాతువుల చుట్టూ తగువు ఈనాటిది కాదు. మహాపరినిబ్బాన సుత్తంలోనే ఉంది: బుద్ధుడు పోయిన వెంటనే అస్థికల కోసం రాజులు యుద్ధానికి దిగబోయినారు, ద్రోణుడు ఎనిమిది భాగాలు చేసి సర్ది చెప్పినాడు. హింస వద్దని జీవితమంతా చెప్పిన మనిషి ఎముకల కోసం కత్తులు! మన గ్రంథం దాన్ని దాచిపెట్టకుండా రాసినందుకు నాకు ఆ గ్రంథం మీద నమ్మకం.

అజాతశత్రు రాజుకు బుద్ధుడు చెప్పిన సామఞ్ఞఫల సుత్తంలో ఒక ఉపమానం ఉంది. ఎనిమిది పలకలుగా కోసిన స్వచ్ఛమైన వైడూర్యం, దాని లోపల గుచ్చిన రంగు దారం. కళ్ళున్న మనిషి దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసి, ఇది మణి, ఇది దారం అని తెలుసుకుంటాడు. శరీరాన్నీ, దాన్ని ఆనుకొని ఉండే చిత్తాన్నీ విడివిడిగా చూడడం గురించి ఆయన అది చెప్పినాడు. మీ చుట్టాలు కొండ మీద నుంచి తెచ్చిన గాజు దిమ్మను అట్లనే అరచేతిలో పెట్టుకొని చూడండి. ఇది గాజు. ఇవి పగుళ్ళు. ఇది లైటు. ఇది తెచ్చిన మనిషి ప్రేమ, దానికి థాంక్స్ చెప్పాల. ఇది నా భయం, ఇది నా కోపం, ఇవి గాజులో లేవు. బుద్ధుడి దిమ్మను కూడా అట్లనే చూడండి. అందులో ముందు మీ భక్తి, మీ గర్వం బయటపడతాయి.

అవ్వ ఇంట్లో తగువు పూర్తిగా తీరలేదు. మనవరాలు ఒకరోజు పటం వెనక చెక్క ఊడదీసింది. వెనక నుంచి చూస్తే కృష్ణుడూ లేడు, వెన్నా లేదు, రంగు మచ్చలు, నలిగిన తళుకు కాగితం, దాని మీద అంటించిన పాత తమిళ పత్రిక ముక్క. అవ్వ అంతకుముందు ఎప్పుడూ ఆ వైపు చూడలేదు. చాలాసేపు చూసి, "లోపల ఇంతేనా!" అని నవ్వింది. ఆరోజే గూట్లో నుంచి తీయించి, చాట పక్కన తగిలించమనింది.

బేరగాడు సంక్రాంతి దాటినాక మళ్ళీ వస్తానన్నాడు. అవ్వ ఇప్పుడు అమ్మడానికి ఒప్పుకునింది గానీ రెండు షరతులు పెట్టింది. డబ్బు తన చేతికే ఇవ్వాల, పాప ఫీజు తనే కడుతుంది. ఆ పటం పగిలిన రోజు ఏం జరిగిందో మనవరాలు ఒక కాగితం మీద రాసింది. ఆ కాగితం పటం వెనక అంటించే ఉండాల, పగులు పూడ్చకూడదు. అట్లయితేనే తీసుకపోనిస్తానంటోంది.